అరగంట ముందు గేటు తెరిస్తే ఒరిగేదేంటి? థీమ్ పార్కు హోటళ్ల 'ఎర్లీ ఎంట్రీ' లెక్క

డిస్నీ పార్కులు చూడ్డానికి అమెరికాలో ఫ్లోరిడాలోని ఓర్లాండోకి ట్రిప్పు అనుకున్న ఇంట్లో పార్కు టికెట్ల దగ్గర పెద్దగా వాదన ఉండదు. ఎంతుంటే అంత, కొనక తప్పదు. వాదనంతా హోటల్ దగ్గరే. డిస్నీ సొంత హోటల్లో గది రేటు చూస్తే కళ్లు తిరుగుతాయి. పదిహేను నిమిషాల దూరంలో కిచెన్ ఉన్న బయటి హోటల్ చాలాసార్లు అంతకంటే బాగా తక్కువకే దొరుకుతుంది. కిచెన్ ఉంటే రాత్రికి ఇంత అన్నం వండుకుని పెరుగు కలుపుకోవచ్చు, అదో సుఖం. మరి డిస్నీ హోటల్లో ఎక్కువేముందని వెతికితే మొదట కనిపించేది ఎర్లీ ఎంట్రీ. అంటే ఆ హోటళ్లలో దిగినవాళ్లని పార్కులోకి అందరికంటే అరగంట ముందు వదులుతారు. "అరగంటకి అంత డబ్బు పోస్తామా?" అని ఇంట్లో ఒకరంటే, "ఆ అరగంటలోనే ఉంది అంతా" అని ఇంకొకరు అంటారు. ఇద్దరూ చెప్పేది నిజమే. మీ విషయంలో ఏది నిజమవుతుందో తేలాలంటే ఆ అరగంటలో క్యూలు ఎలా కదులుతాయో తెలియాలి.

ఓర్లాండోలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో ఈ పద్ధతి 2021 అక్టోబరులో, రిసార్టు యాభయ్యో ఏడు వేడుకలతో పాటు మొదలైంది. మ్యాజిక్ కింగ్‌డమ్, ఎప్‌కాట్, హాలీవుడ్ స్టూడియోస్, యానిమల్ కింగ్‌డమ్ అనే నాలుగు పార్కులకీ రోజూ వర్తిస్తుంది. ఇలాంటివి వేరే చోట్లా ఉన్నాయి. డిస్నీలాండ్ పారిస్‌లో సొంత హోటళ్ల అతిథులకి గంట ముందు ప్రవేశం. టోక్యో డిస్నీలో పదిహేను నిమిషాలే. అలాగని పారిస్ వాళ్లది పెద్ద మనసు, టోక్యో వాళ్లది చిన్న చెయ్యి అనుకోనక్కర్లేదు. టోక్యోలో పార్కు తెరవకముందే బయట జనం బారులు తీరి ఉంటారు. ఆ బారులో నిలబడకుండా వేరే గేటు గుండా లోపలికి పోవడమే అక్కడ అసలు లాభం. నిమిషాల అంకెని బట్టి లాభాన్ని కొలవడం కుదరదని చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఇక అసలు లెక్కలోకి వద్దాం. ఒక రైడ్ గంటకి 1,500 మందిని ఎక్కిస్తుందని అనుకుందాం. అంటే నిమిషానికి 25 మంది. పార్కు అందరికీ తొమ్మిదింటికి తెరుస్తారు, హోటల్ అతిథులకి ఎనిమిదిన్నరకి. ఆ పొద్దున 1,200 మంది హోటల్ అతిథులు నేరుగా ఈ రైడ్‌కే పరుగెత్తారనుకోండి. క్యూలో 300వ మనిషి పన్నెండు నిమిషాల్లో ఎక్కేస్తాడు. 700వ మనిషి 8:58కి ఎక్కుతాడు. 750వ మనిషితో తొమ్మిది కొడుతుంది. వెనకాల ఇంకా 450 మంది మిగిలారు. అదే వేగంతో క్యూ కదిలితే వాళ్లంతా 9:18కల్లా అయిపోవాలి.

కానీ అదే వేగంతో కదలదు. తొమ్మిదింటికి అందరికీ గేట్లు తెరవడంతో పాటు డబ్బు కట్టి ముందు వెళ్లే లైట్నింగ్ లేన్ కూడా మొదలవుతుంది. తిరుమలలో మూడు వందల టికెట్ క్యూ, సర్వదర్శనం క్యూ వేరువేరుగా వచ్చి చివర్లో ఎలా కలుస్తాయో, ఇక్కడా ఆ లేన్, మామూలు లైన్ ఒక చోట కలుస్తాయి. అక్కడ నిలబడ్డ ఉద్యోగి ఏ వైపు నుంచి ఎంతమందిని వదలాలో చూసుకుంటాడు. ఎక్కువమందిని డబ్బు కట్టిన వైపు నుంచే వదులుతాడు. మూడింట రెండు వంతులు ఆ వైపుకి పోయాయనుకుంటే, మామూలు లైన్‌కి గంటకి 500 సీట్లే మిగులుతాయి. మిగిలిన ఆ 450 మందికి పద్దెనిమిది నిమిషాలు కాదు, యాభై నాలుగు నిమిషాలు పడుతుంది. అంటే 1,200వ మనిషి రైడ్ ఎక్కేసరికి 9:54.

700వ మనిషికీ 1,200వ మనిషికీ తేడా చూడండి. ఇద్దరూ ఒకే రకం హోటల్లో ఒకే రేటు కట్టి దిగినవాళ్లు కావచ్చు. ఇద్దరికీ "అరగంట ముందు ప్రవేశం" ఉంది. మొదటివాడు తొమ్మిది కొట్టకముందే రెండో రైడ్ వెతుక్కుంటున్నాడు. రెండోవాడు దాదాపు గంటన్నర సేపు క్యూలోనే ఉన్నాడు. వాళ్లిద్దరూ గేటు దగ్గరికి చేరడంలో తేడా పది పదిహేను నిమిషాలే అయి ఉండొచ్చు. ఇవి నేను ఉదాహరణకి వేసుకున్న అంకెలు. నిజం అంకెలు రైడ్‌ని బట్టి, రోజుని బట్టి మారతాయి. లెక్క నడిచే తీరు మాత్రం ఇదే. ఎర్లీ ఎంట్రీ సమయంలో మామూలు క్యూకి రైడ్‌లోని సీట్లన్నీ దక్కుతాయి, ఆ తర్వాత రోజంతా దక్కవు. ఓర్లాండోలోనే ఉన్న యూనివర్సల్ అనే మరో కంపెనీ పార్కుల్లో కూడా ముందస్తు ప్రవేశం సమయంలో, డబ్బు కట్టి క్యూ దాటే ఎక్స్‌ప్రెస్ పాస్ పనిచేయదు. ఈ ఒక్క విషయం వల్లే ఆ అరగంట మిగతా రోజులోని అరగంటలకి సమానం కాదు. దీన్ని హోటల్ ప్రకటనల్లో ఎక్కడా ఇలా విడమరిచి చెప్పరు. "మరింత సమయం మీ సొంతం" అన్న ధోరణిలోనే చెబుతారు.

ఈ సౌకర్యం పొందేవాళ్లు ఎంతమంది అన్నది రెండో సంగతి. డిస్నీ వరల్డ్ ఆవరణలో అన్నీ కలిపి పాతిక వేలకు పైగా హోటల్ గదులున్నాయి. గదికి ముగ్గురు చొప్పున వేసుకుంటే 75,000 మంది. నాలుగు పార్కులకి పంచితే ఒక్కోదానికి 18,000 పైచిలుకు. వీళ్లలో పదిమందికి ఒకరు పొద్దున్నే లేచి వచ్చినా గేటు దగ్గర 1,800 మంది ఉంటారు. కాబట్టి "కొద్దిమందికే" అన్న మాట విని పార్కు ఖాళీగా ఉంటుందని ఊహించుకోవద్దు. అందరికీ తెరిచాక వచ్చే జనంతో పోలిస్తే తక్కువ, అంతే.

పాత పద్ధతి తెలిసినవాళ్లు ఇప్పటికీ దాన్నే తలుచుకుంటారు. 2020లో కోవిడ్‌తో పార్కులు మూతపడేదాకా డిస్నీ వరల్డ్‌లో ఎక్స్‌ట్రా మ్యాజిక్ అవర్స్ ఉండేవి. వారంలో ఒక్కోరోజు ఒక్కో పార్కు హోటల్ అతిథులకి పొద్దున గంట ముందు తెరిచేవారు, లేదా రాత్రి మూసేశాక రెండు గంటలు ఉంచేవారు. గంట పోయి అరగంట వచ్చింది కదా, కోత పెట్టారని అప్పట్లో చాలామంది మండిపడ్డారు. కోతే, కాదనను. కానీ పాత పద్ధతిలో ఒక పెద్ద చిక్కుండేది. మంగళవారం ఫలానా పార్కులో అదనపు గంట అని ప్రకటిస్తే, హోటళ్లలో ఉన్న జనమంతా ఆ రోజు అదే పార్కుకి పోయేవారు. గంట ముందు వెళ్లినందుకు రెండు మూడు రైడ్లు ఎక్కేవారు. ఆ తర్వాత రోజంతా అదే కిక్కిరిసిన పార్కులో చెమటలు కక్కుకుంటూ తిరిగేవారు. అనుభవమున్నవాళ్లు పొద్దున అక్కడ గంట గడిపి మధ్యాహ్నానికి వేరే పార్కుకి జారుకునేవారు. అందుకు పార్క్ హాపర్ టికెట్ కావాలి, అంటే మళ్లీ ఖర్చు. నాలుగు పార్కులకీ రోజూ అరగంట ఇస్తే జనం నాలుగు వైపులకి సర్దుకుంటారు. నా మటుకు నాకు ఈ కొత్త పద్ధతే మెరుగు అనిపిస్తుంది, ముఖ్యంగా ముసలివాళ్లనీ పిల్లల్నీ వెంటబెట్టుకుని వెళ్లేవాళ్లకి.

పోయింది మాత్రం రాత్రి సమయం. ఇప్పుడు రాత్రి మూసేశాక ఉండే రెండు గంటలు కొన్ని రోజులే, ప్రధానంగా డీలక్స్ తరగతి హోటళ్లలోనూ విల్లాల్లోనూ దిగినవాళ్లకే. ఇంతకుముందు అది చవక హోటల్ వాళ్లకీ ఉండేది. డిస్నీ హోటళ్లలోనే పై అంతస్తు, కింది అంతస్తు అని గీత గీశారు. ఇది నాకు నచ్చని మార్పు. ఓర్లాండో ఎండలో పొద్దున కంటే రాత్రి తిరగడమే ఒంటికి హాయి.

పార్కు మొత్తం తెరవరన్న సంగతి చాలామందికి అక్కడికి వెళ్లాక గానీ తెలియదు. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో ఎర్లీ ఎంట్రీ సమయంలో నడిచేవి ఫ్యాంటసీల్యాండ్, టుమారోల్యాండ్ అనే రెండు ప్రాంతాల్లోని రైడ్లు. సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రెయిన్, పీటర్ పాన్స్ ఫ్లైట్, స్పేస్ మౌంటెన్, 2023లో తెరిచిన ట్రాన్ వీటిలోకి వస్తాయి. అడ్వెంచర్‌ల్యాండ్, ఫ్రాంటియర్‌ల్యాండ్ వైపు తాడు కట్టేసి ఉంచుతారు. ఆ తాడు తొమ్మిదింటికే దిగుతుంది.

దీంట్లో బయటి హోటల్లో దిగినవాళ్లకి ఒక మంచి దారి ఉంది. ఎనిమిదిన్నరకే వెయ్యిమంది ముందు చేరిపోయిన మైన్ ట్రెయిన్ వైపు తొమ్మిదింటికి పరుగెత్తడం శుద్ధ దండగ. ఎడమ పక్కకి తిరిగి అడ్వెంచర్‌ల్యాండ్‌లోని జంగిల్ క్రూజ్ వైపు వెళ్తే అక్కడ హోటల్ అతిథులకి ఏ ఆధిక్యమూ లేదు, అందరికీ ఒకేసారి తాడు దిగుతుంది. పైగా చాలామంది హోటల్ అతిథులు ఆ సమయానికి ఇంకా ఫ్యాంటసీల్యాండ్ క్యూల్లోనే ఉంటారు. ఎర్లీ ఎంట్రీ లేనివాళ్లు దాని గురించి బెంగపడే బదులు, అది ఎక్కడ వర్తించదో తెలుసుకుంటే సగం నష్టం పూడిపోతుంది.

పిల్లల ఎత్తు కూడా ముందే చూసుకోండి. మైన్ ట్రెయిన్‌కి కనీసం 38 అంగుళాలు, స్పేస్ మౌంటెన్‌కి 44, ట్రాన్‌కి 48 ఉండాలి. పీటర్ పాన్‌కి ఎత్తు నియమం లేదు, రోజంతా క్యూ మాత్రం చాంతాడంత ఉంటుంది. నాలుగేళ్ల పాప ఉన్నవాళ్లకి ఆ అరగంటలో అందరికంటే ముందు వెళ్లాల్సిన చోటు అదే.

ఎనిమిదిన్నర అంటే ఎనిమిదిన్నరకి బయల్దేరడం కాదు. గేటు దగ్గరికి ఎనిమిదిన్నరకి చేరినా ఆలస్యమే. సెక్యూరిటీ తనిఖీ, టికెట్ స్కాన్, స్ట్రోలర్ అద్దెకి తీసుకోవడం, ఈలోగా ఒకరికి బాత్రూం. ఇవన్నీ అయ్యేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. ఎనిమిదిన్నర ఎంట్రీకి ఎనిమిదింటికల్లా గేటు ముందుండాలి. అంటే హోటల్ బస్సు ఏడున్నరకి ముందే ఎక్కాలి. యానిమల్ కింగ్‌డమ్ తరచుగా ఎనిమిదింటికే తెరుస్తుంది కాబట్టి అక్కడ ఎంట్రీ ఏడున్నరకి, బస్సు ఆరున్నర ప్రాంతంలో. అక్కడ అందరూ పోయేది అవతార్ ఫ్లైట్ ఆఫ్ ప్యాసేజ్ రైడ్‌కే.

అమెరికాలో ఏ మూల నుంచి వస్తున్నారన్నది కూడా దీన్ని తేల్చేస్తుంది. కాలిఫోర్నియా బే ఏరియా నుంచి వచ్చిన కుటుంబానికి ఓర్లాండో ఎనిమిదిన్నర అంటే వాళ్ల ఒంటికి ఐదున్నర. పిల్లల్ని నాలుగున్నరకి ముందే లేపినట్టే. మొదటి రెండు రోజులు ఎర్లీ ఎంట్రీ దక్కుతుందని ఆశ పెట్టుకోకపోవడం మేలు. అదే హైదరాబాద్ నుంచి వచ్చి వారం కూడా కాని అమ్మానాన్నలు వెంట ఉంటే కథ వేరు. వాళ్లు తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటారు, కాఫీ ఎక్కడ దొరుకుతుందని అడుగుతారు. జెట్ ల్యాగ్ ఉపయోగపడేది ఇలాంటి చోటే. ఎండ ఎక్కకముందే వాళ్లని నాలుగు రైడ్లు తిప్పి, పదకొండింటికి హోటల్‌కి తెచ్చి పడుకోబెట్టి, సాయంత్రం మళ్లీ తీసుకెళ్లొచ్చు. పార్కు పక్కనే హోటల్ ఉండటంలో నాకు కనిపించే అసలు విలువ ఇదే.

దగ్గరి హోటళ్లలోనూ తేడాలున్నాయి. కాంటెంపరరీ హోటల్ నుంచి మ్యాజిక్ కింగ్‌డమ్‌కి నడిచిపోవచ్చు. బయటి నుంచి కారులో వచ్చినవాళ్లు ముందు ఒక చోట కారు ఆపి, అక్కడి నుంచి మోనోరైలో ఫెర్రీయో ఎక్కి సరస్సు దాటాలి. కాలిఫోర్నియా డిస్నీలో గ్రాండ్ కాలిఫోర్నియన్ హోటల్‌కి పార్కులోకి సొంత గేటే ఉంది.

యూనివర్సల్ ఓర్లాండోలో ముందస్తు ప్రవేశానికి ఊపు తెచ్చింది హ్యారీ పాటర్. 2010 జూన్‌లో ఐలండ్స్ ఆఫ్ అడ్వెంచర్ పార్కులో ఆ కథల పేరిట కట్టిన ప్రాంతం తెరిచినప్పుడు లోపలికి వెళ్లడానికే గంటల తరబడి క్యూలు. పరిశ్రమ అంచనాల ప్రకారం 2009లో 46 లక్షలున్న ఆ పార్కు సందర్శకులు 2011కల్లా 76 లక్షలు దాటారు. ఆ రద్దీలో హోటల్ అతిథులకి గంట ముందు తలుపు తెరవడంతో, రైడ్ కోసం హోటల్ బుక్ చేసుకునే రోజులొచ్చాయి.

అక్కడ ఇంకో మెట్టు కూడా ఉంది. పోర్టోఫినో బే, హార్డ్ రాక్, రాయల్ పసిఫిక్ అనే మూడు ఖరీదైన హోటళ్లలో దిగితే మొదటి రెండు పార్కుల్లో ఎక్స్‌ప్రెస్ అన్‌లిమిటెడ్ పాస్ గదితో పాటే వస్తుంది. చెకిన్ రోజూ చెకౌట్ రోజూ కూడా పనిచేస్తుంది. అంటే ఒక్క రాత్రి గదికి రెండు రోజుల పాస్. రద్దీ రోజుల్లో నలుగురికి ఆ పాస్ విడిగా కొనే ఖర్చు చూసి, ఆ పక్కన గది రేటు పెట్టండి. చాలాసార్లు గదే చవక. అయితే 2025 మేలో తెరిచిన కొత్త పార్కు ఎపిక్ యూనివర్స్‌లో ఈ ఉచిత పాస్ చెల్లదు. ఇది తెలియక కొత్త పార్కు కోసమే అంత రేటు పెడితే చేతి చమురు వదులుతుంది.

డిస్నీలోనూ ఎర్లీ ఎంట్రీ చెకిన్ రోజు పొద్దున నుంచే వర్తిస్తుంది. గది సాయంత్రం ఇచ్చినా పర్లేదు. ఒక రాత్రికి రెండు పొద్దుళ్లు, నాలుగు రాత్రులకి ఐదు. లైట్నింగ్ లేన్ బుకింగ్ కూడా హోటల్ అతిథులు చెకిన్‌కి ఏడు రోజుల ముందు మొత్తం బసకి చేసుకోవచ్చు. బయటివాళ్లకి మూడు రోజుల ముందే. డిమాండ్ ఉన్న రైడ్ల స్లాట్లు ఆ నాలుగు రోజుల తేడాలోనే కరిగిపోతుంటాయి.

డబ్బు లెక్క ఇలా వేసుకోండి. రాత్రికి 90 డాలర్లు ఎక్కువ, నాలుగు రాత్రులు అనుకుంటే తేడా 360. బయటి హోటల్ నుంచి కారులో వెళ్తే పార్కు దగ్గర పార్కింగ్ రోజుకి 30 డాలర్లు వేసుకుంటే, మూడు రోజులకి 90. డిస్నీ హోటల్ అతిథులకి అది ఉచితం. చాలా బయటి హోటళ్లు రేటు మీద రిసార్ట్ ఫీజు వేస్తాయి. రాత్రికి 30 వేసుకుంటే 120. మిగిలిన తేడా 150. ఐదు పొద్దుళ్లలో మూడింటిని గట్టిగా వాడుకోగలిగితే ఆ 150 గిట్టుబాటే. తొమ్మిదిన్నరకి లేచి బ్రేక్‌ఫాస్ట్ చేసి పదకొండింటికి బయల్దేరే ఇంట్లో మాత్రం అదంతా నీళ్లపాలు. అలాంటి వెకేషన్‌లో తప్పేమీ లేదు, దానికి ఈ హోటల్ అవసరం లేదంతే.

ఇదంతా న్యాయమేనా అన్న ప్రశ్న ఒకటుంది. క్యూ దాటించే పాస్ కొన్నవాడు నాకంటే ముందు ఎక్కితే నా సమయం నుంచే కొంత తీసుకున్నట్టు. పార్కు అదనంగా అరగంట నడిపి ఆ అరగంట హోటల్ వాళ్లకిస్తే నా నుంచి తీసుకున్నది తక్కువ. అందుకే ఎర్లీ ఎంట్రీ మీద నాకంత కోపం లేదు. కానీ ఆ అరగంట నిజంగా అదనమేనా? తొమ్మిదింటికి తెరుస్తాం అన్నది పార్కు వాళ్లు తమ ఇష్టప్రకారం వేసుకునే అంకె. అందరికీ ఎనిమిదిన్నరకే తెరవగలిగిన రోజున తొమ్మిది అని రాసి, మొదటి అరగంటని హోటల్ అతిథులకి ఇస్తే అది కొత్తగా చేర్చిన సమయం కాదు, అందరిదీ కోసి కొందరికి పంచిన సమయం. ఏ పార్కు ఏ రోజు ఏం చేసిందో బయటి నుంచి తేల్చడం కష్టం. సిబ్బంది ఎలాగూ ముందే వస్తారు, రైడ్లు ఎలాగూ పొద్దున్నే ఖాళీగా తిప్పి చూస్తారు. కాబట్టి ఈ సౌకర్యం ఇవ్వడానికి కంపెనీకి అయ్యే ఖర్చు, దానితో అమ్ముడుపోయే గదులతో పోలిస్తే చాలా తక్కువ. టికెట్‌కి నూరు డాలర్లకి పైగా కట్టి బయటి హోటల్లో దిగిన కుటుంబం కూడా అంతే దూరం నుంచి వచ్చింది. తొమ్మిదింటికి వాళ్లు లోపలికి అడుగుపెట్టేసరికి మైన్ ట్రెయిన్ బోర్డు మీద గంట వెయిటింగ్ కనబడటం వాళ్లకి బాధే. కనీసం ఆ సంగతి టికెట్ అమ్మేటప్పుడే స్పష్టంగా చెప్పాలి.

బుక్ చేసే ముందు హోటల్ పేరు ఒకటికి రెండుసార్లు చూసుకోండి. "గుడ్ నైబర్ హోటల్" అని డిస్నీ ముద్ర ఉన్నంత మాత్రాన ఎర్లీ ఎంట్రీ రాదు, ఆ ముద్ర టికెట్లు అమ్మే ఒప్పందానికి సంబంధించింది. డిస్నీ వాళ్ల షాపింగ్ ప్రాంతం డిస్నీ స్ప్రింగ్స్ పక్కన ఉన్న కొన్ని బయటి కంపెనీల హోటళ్లకి మాత్రం ఈ సౌకర్యం ఉంది, రేటు కూడా డిస్నీ హోటళ్ల కంటే తక్కువగా దొరుకుతుంటుంది. కాకపోతే వాళ్లకిది శాశ్వత హక్కు కాదు, ఫలానా తేదీ దాకా అని ఇస్తారు, తర్వాత పొడిగిస్తారు. మీరు వెళ్లే తేదీలకి అది ఉందో లేదో డిస్నీ సైట్‌లోనే చూడండి. హోటల్ వాళ్ల పేజీలో పాత సమాచారం ఉండిపోయే అవకాశం ఉంది. వెళ్లిన రోజు గేటు దగ్గర చేతికి కట్టుకునే మ్యాజిక్‌బ్యాండ్ గానీ టికెట్ గానీ స్కాన్ చేసినప్పుడు హోటల్ బుకింగ్ కనబడాలి. అందుకని ఇంట్లో అందరి పేర్లూ, తాతయ్య అమ్మమ్మలతో సహా, బుకింగ్‌లో ఎక్కించి ఆ నంబరుని డిస్నీ యాప్‌కి ముందే కలుపుకోండి.